మా మృదంగం, కిందింటి నిద్ర

అద్దె ఇంట్లో కాపురం చేసేవాళ్ళకి మూడు భయాలు తప్పవు. ఒకటో తారీకు, గోడకి మేకు, పొరుగువాళ్ళ చెవి. మొదటి రెండూ ఎల్లాగో గట్టెక్కిపోతాం. ఆ మూడోదే మొన్నటి వేసవిలో మా పీకల మీదికి వచ్చింది. ఆ కథ చెబుతాను, చిత్తగించండి. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళకి పనికొచ్చే సంగతులు కొన్ని ఇందులో ఉన్నాయి.

మేమున్నది విజయవాడలో, అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, ఒక కాకి వాలేపాటి బాల్కనీ. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. మావారు బ్యాంకులో ఊరివాళ్ళ లెక్కలు చూసి, ఇంటికొచ్చి మా లెక్కలు చూస్తారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి ముగించి, మృదంగంలో సర్టిఫికెట్ పరీక్షకి కూర్చోబోతోంది.

“ఆడపిల్లకి మృదంగమేమిటే? వీణో, వయొలినో చెప్పించరాదూ?” అని మా పెద్దత్తగారు పండక్కి పండక్కీ అడుగుతారు. “ఈ ఊళ్ళోనే నిడుమోలు సుమతిగారికి 2021లో పద్మశ్రీ ఇచ్చింది మృదంగానికేనండీ” అని నేనూ పండక్కి పండక్కీ చెబుతాను. ఆవిడ అడగడమూ మానరు, నేను చెప్పడమూ మానను.

సంగీతం ఈ ఊరికి కొత్త కాదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నేర్చుకున్నది ఇక్కడే. ఆకాశవాణి కేంద్రం 1948లోనే వచ్చింది. కాకపోతే ఆ రోజుల్లో ఇళ్ళకి అరుగులుండేవి. పాట వీధిలోకి పోయేది. వినదలుచుకున్నవాడు నిలబడేవాడు, అక్కర్లేనివాడు ముందుకు నడిచేవాడు. ఇప్పుడు మన పాట ఒకరి నేలలోంచి, ఇంకొకరి కప్పులోంచి పోతోంది. వాళ్ళకి నడిచిపోవడానికి దారేదీ?

వేసవి సెలవులు ఇచ్చిన వారానికి ఇంటి ఓనరుగారు ఫోను చేశారు. “మేడంగారూ, ఏమీ అనుకోకండి. అసోసియేషన్‌కి కంప్లయింట్ వెళ్ళిందట. పగలల్లా ఆ వాయింపు భరించలేకపోతున్నారట. ఏదో ఒకటి చూడండి. లేకపోతే నెలాఖరుకి మీరే వేరే ఇల్లు...” అని నసిగారు. ఎవరు చెప్పారండీ అంటే, “ఎవరైతే ఏముంది లెండి” అన్నారు.

ఫోను స్పీకరులో ఉంది. అమ్మాయి విన్నది. ఏమీ అనలేదు. మృదంగానికి గుడ్డ తొడుగు తొడిగి, బీరువా పక్కన నిలబెట్టి, సెలవుల పుస్తకం పట్టుకు కూర్చుంది. ఆ తొడుగు చూడగానే నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెప్పాలి.

నాకూ పన్నెండేళ్ళప్పుడు ఒక నూజివీడు వీణ ఉండేది. మా నాన్న జీతంలోంచి మిగిల్చి మిగిల్చి కొన్నారు. అప్పుడు మేమున్నది రెండు వాటాల ఇంట్లో. మధ్యన ఒక్క గోడ. “మెల్లిగానే, మెల్లిగా. పక్కవాటా వాళ్ళు ఏమనుకుంటారో!” అని అమ్మ రోజూ అనేది. నిజం చెప్పొద్దూ, పక్కవాటా వాళ్ళు ఎన్నడూ ఏమీ అనలేదు. ఏమనుకుంటారో అన్న భయానికే నేను మెల్లిగా, ఇంకా మెల్లిగా వాయించి, చివరికి మానేశాను. ఆ వీణ ఇప్పటికీ అమ్మవాళ్ళింట్లో అటక కింద గలేబు వేసుకుని ఉంది. మా అమ్మాయి తొడుగు తొడుగుతూంటే నాకు ఆ గలేబు కనిపించింది.

“మనం గదికి శబ్దం బయటికి పోకుండా చేద్దాం” అన్నారు మావారు. ఆయనకి ఎవరో చెప్పారట, కోడిగుడ్ల అట్టలు గోడకి అంటిస్తే చప్పుడు దాటదని. మర్నాడు సాయంత్రానికల్లా గుడ్లకొట్టు నుంచి 80 అట్టలు స్కూటరు మీద దిగాయి. అట్టకి 30 గుడ్లు పడతాయి. మేము గుడ్డు తినమని ఎరిగిన వాచ్‌మన్ ఆ దొంతర వంకా, మా వంకా మార్చి మార్చి చూశాడు. గోడకి జిగురు పెడితే ఓనరుగారి రంగు ఊడుతుంది. మేకు కొట్టకూడదు. అందుకని పాత చీరకి అట్టల్ని కుట్టి, కర్టెను కడ్డీకి వేలాడదీశాం. అమ్మాయిని బతిమాలి వాయించమన్నాం. నేను హాలులోకి వెళ్ళి విన్నాను. గదిలో గంగు మనే ప్రతిధ్వని తగ్గింది గాని, హాలులోకి వచ్చే చప్పుడు అంతే ఉంది. వారం తిరక్కుండా అట్టల్లో బొద్దింకలు కాపురం పెట్టాయి.

ఇదంతా కాలేజీలో మా ఫిజిక్సు లెక్చరర్‌గారికి చెప్పుకుని వాపోయాను. ఆవిడ నవ్వి, సుద్దముక్క తీసుకుని పాఠం చెప్పేసింది.

“రెండు వేరు వేరు రోగాలకి మీరు ఒకటే మందు వేశారండీ. గదిలో ప్రతిధ్వని తగ్గాలంటే మెత్తన కావాలి. గది దాటకుండా ఆగాలంటే బరువు కావాలి. పరుపులు, దుప్పట్లు, స్పాంజి పలకలు మొదటిదానికి. ఇటుకగోడ, దళసరి తలుపు రెండోదానికి. గుడ్ల అట్ట మెత్తనే కాని బరువేదీ? మీ అరచెయ్యి అడ్డం పెడితే గాలి ఆగుతుంది, దోమతెర పెడితే ఆగుతుందా?”

స్పాంజి పలకల మాట వచ్చింది కనక ఇంకో హెచ్చరిక కూడా చేసింది. బజారులో దొరికే మామూలు స్పాంజి పాలీయురిథేన్‌తో చేసింది. నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటుంది, దాని పొగ విషం. గది నిండా అది అంటించి, అందులో పిల్లని కూర్చోబెట్టి తలుపు వెయ్యడం కంటె పొరుగువాళ్ళ చేత మాట పడడం మేలు.

“పోనీ, బరువే పెంచుదాం” అన్నాను.

“గోడ బరువు రెట్టింపు చేస్తే 5, 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. అద్దె ఇంట్లో గోడ రెట్టింపు చేస్తారా? పైగా డెసిబెల్ లెక్క రూపాయల లెక్కలాంటిది కాదు. 10 తగ్గితే శబ్దశక్తిలో పదోవంతు మిగిలినట్టు. 20 తగ్గితే నూరోవంతు. చెవికి మాత్రం ప్రతి 10కీ సుమారు సగమైనట్టు తోస్తుంది. స్టూడియోల వాళ్ళు గోడని లావు చెయ్యరు. గదిలో ఇంకో గది కడతారు, రెండూ ఒకదాన్నొకటి తాకకుండా.”

ఆ మాటతో నాకు ఆకాశవాణిలో ప్రసంగం చదవడానికి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. దళసరి తలుపు తీసుకుని లోపలికి వెళితే, అది మూసుకున్నాక గాని రెండో తలుపు తియ్యనివ్వలేదు. ఆ రెండు తలుపుల మధ్య చిన్న గది ఎందుకా అని అప్పుడు అనుకున్నాను. ఒక తలుపు తీసి ఉన్నా రెండోది కాపలా కాస్తుందన్నమాట.

“మరి మాబోటివాళ్ళకి గతేమిటి?”

“కంతలు మూసుకోండి. నీళ్ళకి ఎంత చిన్న కంత చాలునో శబ్దానికీ అంతే. ఎంత గొప్ప గోడ అయినా సరే, అందులో నూరోవంతు ఖాళీ ఉంటే 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. రాత్రి గదిలో దీపం వేసి, బయట చీకటి చేసి తలుపు చూడండి. వెలుతురు ఎక్కడ కారితే చప్పుడూ అక్కడ కారుతుంది.”

ఆ రాత్రి అల్లాగే చేశాం. మా పడకగది తలుపు కింద అంగుళంలో సగం మందాన పసుపుపచ్చని గీత! మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపుకి అది కాగితం మీద లెక్కవేస్తే నూటికి అర్ధభాగం పైచిలుకు. పక్క సందులు కలుపుకుంటే నూరోవంతుకి చేరుతుంది. కారణం వెతకనక్కర్లేదు. మన పాత ఇళ్ళకి ప్రతి గదికీ గడప ఉండేది. తలుపు వచ్చి గడపకి ఆనుకునేది. పసుపు రాసి, బొట్టు పెట్టి, దాటేటప్పుడు కాలు తగలకుండా దాటేవాళ్ళం. ఇప్పటి ఫ్లాట్లలో వీధి తలుపుకి తప్ప గడప లేదు. లక్ష్మి మాట దేవుడెరుగు, శబ్దానికి మాత్రం రాజద్వారం తెరిచాం.

బజారుకి వెళ్ళి తలుపు అంచులకి అంటించే రబ్బరు పట్టీ, కిందికి వేలాడే దళసరి పట్టీ తెచ్చాం. 400 రూపాయలు కూడా కాలేదు. ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకోవచ్చు. పడకగది తలుపుకీ, వీధి తలుపుకీ బిగించాం. పుస్తకాల బీరువాని ఎదురు ఫ్లాటు వైపు గోడకి జరిపాం. వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించుకున్న సీరియల్ నవలలన్నీ అందులోనే ఉన్నాయి. సాహిత్యం బరువైనదని ఎవరైనా అంటే ఇక నేను ఒప్పుకుంటాను. నలుగురు పట్టినా కదల్లేదు. ఈసారి హాలులోకి వచ్చే చప్పుడు నిజంగానే తగ్గింది. వీధి తలుపు వేస్తే మెట్ల దగ్గర వినిపించీ వినిపించనట్టుగా ఉంది.

ఇదంతా ఎదురు ఫ్లాటులోని రిటైరయిన పెద్దాయన కోసం. కంప్లయింటు ఆయనే ఇచ్చి ఉంటారని మా గట్టి నమ్మకం. అప్పటికి వారం నుంచి లిఫ్టులో ఆయన నవ్వితే మేము నవ్వడం మానేశాం.

నాలుగో రోజున మళ్ళీ ఓనరుగారి ఫోను. చప్పుడు ఎప్పటిలాగే ఉందట!

మావారికి కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన చట్టం తిరగేస్తారు. శబ్దకాలుష్యం మీద 2000 సంవత్సరంలో వచ్చిన కేంద్రప్రభుత్వ నిబంధనలు తీశారు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 గంటల నుంచి తెల్లవారి 6 దాకా. “మన పిల్ల పగలే గదా వాయిస్తోంది! ఫోనులో కొలిచి చూపిస్తాను, రమ్మనండి వాళ్ళని” అన్నారు.

“కొలిచేది ఎక్కడండీ? మనింట్లోనా, వాళ్ళింట్లోనా?” అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. వాళ్ళెవరో తెలిస్తే గదా చెప్పడానికి.

తెలిసింది వాచ్‌మన్ భార్య వల్ల. “ఎదురింటి తాతగారా? ఆయనెందుకంటారమ్మా! పాప వాయిస్తుంటే తలుపు తీసుకుని మరీ కూర్చుంటారు. మీరు తలుపుకి రబ్బరు వేశాక వినపడటం లేదని అడిగారు కూడా. చెప్పింది రెండో అంతస్తు నర్సమ్మగారు, సరిగ్గా మీ కిందిల్లు” అంది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మూయాల్సిన దారి వదిలేసి, వినేవాడి మొహాన తలుపు వేశామన్నమాట.

ఆ సాయంత్రమే కిందికి వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, కళ్ళ కింద నల్లగా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. భర్త వేరే ఊళ్ళో ఉద్యోగం. ఒక చిన్న పిల్లవాడు. నన్ను చూసి ఆవిడే కంగారుపడింది.

“తప్పుగా అనుకోకండి మేడంగారూ. నాకు రాత్రి డ్యూటీ. పొద్దున్న ఎనిమిదిన్నరకి వస్తాను, బాబుకి అన్నం వండి పెట్టి, తొమ్మిదిన్నరకి పడుకుంటాను. పదింటికి మీ పాప మొదలుపెడుతుంది. మృదంగం అంటే నాకు పడక కాదండీ. నిద్ర లేకపోతే రాత్రి వార్డులో చెయ్యి తడబడుతుంది. మొన్న ఒక ముసలాయనకి ఇంజక్షన్ ఎక్కిస్తూ, డోసు రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చింది. ఒక్కసారి చదివి ఎక్కించేసి ఉంటే? భయమేసి చెప్పానండీ, కోపమొచ్చి కాదు.”

నేను అక్కడ ఏం మాట్లాడతాను? పైన మా పిల్ల పరీక్ష ఉంది, కింద ఎవరో ముసలాయన ప్రాణం ఉంది. ఈ రెంటికీ మధ్య అయిదంగుళాల శ్లాబు ఉంది. చట్టం ప్రకారం మాది తప్పు లేకపోవచ్చు. కాని చట్టం ఆవిడని నిద్రపుచ్చదు గదా.

“అమ్మా, ఒక్క సాయం చెయ్యండి. రేపు మీకు సెలవైతే, మా అమ్మాయి పైన వాయిస్తుంది, నేను మీ గదిలో కూర్చుని వింటాను” అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది గాని, సరేనంది.

మర్నాడు ఆవిడ మంచం మీద కూర్చుని, మా సంగీతం నేను మొదటిసారి విన్నాను. అదొక వింత అనుభవం సుమండీ. పైన ఉన్నప్పుడు కుడి మూత మీది నాదమే చెవిన పడుతుంది. ఆ మూత మధ్యలోని నల్లటి ముద్ద వల్లే మృదంగం శ్రుతికి పలుకుతుందని సి.వి. రామన్‌గారు 1920లోనే శాస్త్రపత్రికలో రాశారు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న ఆయనే. ఆ తియ్యదనమంతా కింద లేనే లేదు. కిందికి దిగేది రెండే రెండు చప్పుళ్ళు. మొదటిది, ఎడమ మూత మీది ధుం, ధుం అనే మోత, కప్పులోంచి. రవ్వముద్ద అంటించిన ఆ మూత బాగా కిందిస్థాయిలో పలుకుతుంది. అల్లాంటి బొంగురు శబ్దానికి గోడలూ, కప్పులూ అంతగా లెక్కలేదు. రెండోది, పిల్ల నోటితో చెప్పే జతులతో సహా, టకటకమని స్పష్టంగా వస్తోంది. అది కప్పులోంచి కాదు, స్నానాలగదిలోంచి!

లేచి వెళ్ళి స్నానాలగది తలుపు తీశాను. మా అమ్మాయి ఆ గదిలోనే కూర్చుని వాయిస్తున్నట్టుంది. పైన చిన్న వెంటిలేటరు, దానికి అద్దపు రెక్కలు, ఆ అవతల గొట్టాలు దిగే సన్నటి బావిలాంటి ఖాళీ. అన్ని అంతస్తుల స్నానాలగదులూ అందులోకే తెరుచుకుంటాయి. మా పడకగదికి ఆనుకున్న స్నానాలగది తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంటుంది. మృదంగం నాదం అందులోంచి వెంటిలేటరుకి, అక్కణ్ణించి ఆ బావిలోకి, మళ్ళీ కింది వెంటిలేటరులోంచి ఆవిడ మంచం దగ్గరికి నడిచి వస్తోంది. మేము వీధి తలుపు దగ్గర కాపలా కాస్తే, దొంగ పెరటి తలుపులోంచి వెళ్ళినట్టయింది.

రోగం తెలిశాక మందు తేలికే. మొట్టమొదట గది మార్చాం. పడకగదిలో నుంచి హాలులో లోపలి మూలకి. దాని కింద ఆవిడ వంటిల్లు వస్తుంది, మంచం కాదు. హాలు పక్కనే ఎదురు ఫ్లాటు పెద్దాయన ఉన్నారు. ఆయనకి అభ్యంతరం లేదు సరిగదా, సంతోషం. పడకగది తలుపూ, స్నానాలగది తలుపూ రెండూ మూసి ఉంచడం. ఆకాశవాణి వాళ్ళ రెండు తలుపుల కిటుకు మాకు ఊరికే దొరికిందన్నమాట. వెంటిలేటరుని పూర్తిగా మూసెయ్యలేదు, తడిగదికి గాలి అవసరం. సాధన జరిగే గంటా రెండు గంటలు మాత్రం ఒక దళసరి చెక్కని, అంచుకి రబ్బరు అంటించి, అడ్డం పెడతాం. అయిపోగానే తీసేస్తాం.

ఇక ధుం సంగతి. మా అమ్మాయి మృదంగాన్ని కుడిపాదం మీద ఆనించుకునేది గాని, ఎడమ కొస తిన్నగా నేలకి తగిలేది. పనస కర్ర అదిరితే నేల అదురుతుంది, నేల అదిరితే కిందింటి కప్పు వాయిద్యమై కూర్చుంటుంది. చాప వేసినా, దుప్పటి మడతపెట్టినా అది పెద్దగా ఆగదు. ఫిజిక్సు లెక్చరర్‌గారు చెప్పిన ప్రకారం ఒక పీట చేయించాం. మూడడుగుల చదరం ప్లైవుడ్ పలకలు రెండు. కింది పలకకి బంతి కూర్చునేటంత గుంతలు 12 చేసి, వాటిలో పాత టెన్నిసు బంతులు పెట్టి, ఆ బంతుల మీద రెండో పలక. పైన పాత దూది పరుపు మడత. పై పలక ఎక్కడా నేలనీ, గోడనీ తాకకూడదు. తాకిందా, శ్రమంతా వృథా. బంతులు అపార్ట్‌మెంటు పిల్లలే ఇచ్చారు. బొచ్చు ఊడిపోయి ఆటకి పనికిరానివి. డ్రమ్ములు వాయించేవాళ్ళు ఇల్లాంటి పీటలే చేసుకుంటారట.

పీట మీద అమ్మాయిని కూర్చోబెట్టి మళ్ళీ కిందికి వెళ్ళాను. ఇద్దరం ఆవిడ గదిలో, తలుపు వేసుకుని, మాట్లాడకుండా కూర్చున్నాం. చప్పుడు పూర్తిగా పోయిందని చెబితే అది అబద్ధం. ఆవిడ కాసేపు చెవి ఒగ్గి, “ఎవరో నాలుగిళ్ళ అవతల రోట్లో పప్పు రుబ్బుతున్నట్టుందండీ. దీనికి నేను నిద్రపోగలను” అంది.

అయినా ఆవిడ ఓర్పు మీద మా పరీక్ష నడపకూడదు గదా. అందుకని రెండో ఏర్పాటు కూడా చేసుకున్నాం. ఆవిడ డ్యూటీల పట్టిక నెలనెలా మాకు ఇస్తుంది. అది మా ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. రాత్రి డ్యూటీ వారాల్లో మా అమ్మాయి వాయింపు సాయంత్రం 5 నుంచి 7 దాకానే. పొద్దున్న పూట మృదంగం ముట్టుకోదు. జతులన్నీ నోటితో, చేత్తో తాళం వేసుకుంటూ మెల్లిగా చెప్పుకుంటుంది. ఈ సంగతి గురువుగారితో మొహమాటపడుతూ చెబితే, ఆయన, “మంచిపని జరిగింది. నోట్లో నిలబడనిది చేతిలో నిలబడదమ్మా. ఎన్నిసార్లు చెప్పినా చెయ్యనిది, నర్సమ్మగారి పుణ్యమా అని చేస్తోంది” అన్నారు.

ఓనరుగారి ఫోను మళ్ళీ రాలేదు. అమ్మాయి పరీక్షకి వెళ్ళి వచ్చింది. ఫలితం ఇంకా రాలేదు. తొడుగు మాత్రం ఊడింది. నాకు అది చాలు.

అద్దె ఇళ్ళలో సంగీతం పెట్టుకున్న సోదరీసోదరులకి నా అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను. డబ్బు ఖర్చు పెట్టకముందు మీ శబ్దాన్ని ఒకసారి పొరుగువాళ్ళింట్లో కూర్చుని వినండి. మనింట్లో ఎంత విన్నా అది ఏ దారిన పోతోందో తెలియదు. ఆ తరవాత కంతలు మూయండి, ఎందుకంటే అన్నిటికంటె చవక అదే. నేలకి తగిలే వాయిద్యమైతే నేల నుంచి వేరు చెయ్యండి. మెత్తటి పరుపులూ, తెరలూ వెయ్యవచ్చు, వాటివల్ల మీ గదిలో నాదం బాగుంటుంది, కాని పక్కవాళ్ళకి ఒరిగేది తక్కువ. ఊడదీసి తీసుకుపోలేని పని ఏదీ ఓనరుగారిని అడక్కుండా చెయ్యకండి. వేసవిలో కిటికీలన్నీ బిగించుకుని పిల్లల్ని ఉడకబెట్టకండి. దానికంటె వేళ మార్చుకోవడం మేలు. కొత్త ఇల్లు చూసేటప్పుడు వంటింటి అలమార్లతో పాటు స్నానాలగది వెంటిలేటరు ఎటు తెరుచుకుంటుందో కూడా చూడండి. బ్రోకరు మిమ్మల్ని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

మొన్న ఆదివారం అమ్మవాళ్ళింటికి వెళ్ళి నా వీణ తెచ్చుకున్నాను. మైనం ఎండి మెట్లు కదిలిపోయాయి, తంతులు తుప్పు పట్టాయి. బాగు చేయించడానికి నూజివీడు పంపించాం. వచ్చేసరికి నెల పడుతుందన్నారు. అమ్మ మాత్రం సాగనంపుతూ, “అపార్ట్‌మెంటులో కిందింటివాళ్ళు ఏమనుకుంటారోనే” అంది. “అడిగేశానమ్మా” అన్నాను.

ఇంటికి వచ్చి చూద్దును గదా, ఫ్రిజ్ మీది పట్టికలో మా అమ్మాయి చేతిరాతతో ఇంకో గీత చేరింది: “అమ్మ, వీణ, రాత్రి 8 నుంచి 9.” ఆ వేళకి కిందింటావిడ డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటుంది.